పదిహేడు తక్కువ

పన్నెండుకు మిషన్ పడుకునింది.
చిత్తూరు మామిడి రసం ఫ్యాక్టరీలో
డబ్బాల లెక్క ఎర్రగా నిలిచిపోయింది:
9,99,983.

"పది లక్షలకి పదిహేడే! ఇంగ కొంచెం ఓర్చుకోకూడదా"
తిట్టుకుంటా దొరస్వామి బీడీకి పోయినాడు.

నేను అట్టముక్క మీద భాగించుకుంటా కూర్చున్నా.
మూడుతో రెండు మిగిలె.
ఏడుతో ఐదు.
పదకొండుతో ఆరు.
వెయ్యి లోపల ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది,
అన్నీ అడిగి చూసినా.
తెల్లారేసరికి చివరిది, తొమ్మిదివందల తొంభై ఏడు,
ఎనిమిది చాలక చేతులెత్తేసింది.

ఏ వరసల్లోనూ సమంగా కూర్చోదు.
ఒంటి వరసే దాని దోవ.

మెకానిక్కు ఏదో బిగించినాడు.
తోతాపురి వాసనతో ఇంకొక్క డబ్బా
దొర్లుకుంటా వచ్చింది.

అంతే, లొంగిపోయింది:
పెట్టెకి ఇరవై నాలుగు లెక్కన
నలభై ఒక్కవేల ఆరువందల అరవై ఆరు పెట్టెలు,
శేషం సున్న.

పది లక్షలకి దొరస్వామి చప్పట్లు కొట్టినాడు.
నేను అట్టముక్క మడిచి జేబులో పెట్టుకున్నా.