తల ఒక దేశం, మర ఒక దేశం

గుంతకల్లు లోకో షెడ్డు వెనక, బొగ్గుబూడిద దిబ్బ పక్కన
రేకుల కొట్టంలో పదారేండ్లు పండుకొనుండె అది.
డెస్మండ్ డ్రైవరు ఆస్ట్రేలియాకు పోతా పోతా
బాడుగ బాకీ కింద వదిలేసిన కారు.
మా నాయన, దూదేకుల కుళ్లాయప్ప,
గోనెపట్ట లాగితే
ముందు ఒక తేలు దిగిపోయింది.
తర్వాత ఎనిమిది మూలల బిళ్ల,
బిళ్లలో రెండు ఇంగ్లీషు అచ్చరాలు.

"ఎం.జి. అంటే ఏంది నాయనా?"
"మారిస్ గ్యారేజీ. మొదులుపెట్టినాయప్ప
సైకిళ్లు బాగుచేసేటోడంట. మన మాదిరే."
ఆ 'మన మాదిరే' అన్నప్పుడు నాయన గొంతు
పంచరేసి నీళ్లలో ముంచిన ట్యూబు.
ఒక్క బుడగ రాలేదు.

నాకప్పుడు తొమ్మిదేండ్లు. పానాలు అందించే పని నాది.
బోల్టు తలకాయలకు రైలింజను పానాలే పట్టినాయి.
షెడ్డులో ఫిట్టరు దొంగచాటుగా ఇచ్చినవి.
కానీ ఊడిన బోల్టుకు బదులు
అదే తలకాయ కొత్తది బిగిస్తే మర దిగదు.
మూడు దినాలు తల కొట్టుకున్నాక నాయన నవ్వినాడు:
"తల ఇంగిలీసుది, చుట్లు పరాసువి లే మాబున్నీ!"
ఆ నవ్వు నాకు అర్థమైంది.
మా వీధిలో తెలుగులో తిట్టి, కన్నడంలో బేరమాడి,
ఉరుదూలో ఏడ్చేటోళ్లే అందరూ.

తలుపు తడితే పొట్టు రాలింది.
ఇనుము అనుకున్న ఒళ్లంతా లోపల కొయ్య,
కొయ్యంతా చెదలు.
వడ్ల ఈరన్న వచ్చి, గొంతుకూచొని,
గోరుతో గీకి, వాసన చూసి,
"దీన్ని చేసినోడు మా వడ్లోడే" అన్నాడు
పోయిన చుట్టం పేరు చెప్పినట్టు.
ఆ దేశపు మాను ఈడ యాడ దొరుకుతాది?
ఎద్దులబండి ఇరుసుకని దాచిన నల్లతుమ్మ
కోసి, చెక్కి, వంచి, తిట్టి, కూర్చినాడు.
కూలి అడగలేదు. ఒకసారి ఎక్కించుకోమన్నాడు.

పైకప్పు లేదు. అద్దాల తలుపులు లేవు.
దినామూ వాన పడే దేశపోళ్లు
ఎండ మీద ఆశతో చేసుకున్న బండి ఇది.
ఎండ తప్ప ఇంగేమీ లేని మా సీమకొచ్చి పడింది,
అడగని మొక్కు తీరినట్టు.

గుత్తి రోడ్డు మీద మొదటి పరుగు.
కింద నూనె కారతా ఉంటే నాయన,
"కారితేనే ఉన్నట్టు లెక్క, కారకపోతే అయిపోయినట్టు" అన్నాడు.
తలుపు ఎంత కిందికంటే
చెయ్యి జారిస్తే రోడ్డు తగిలేంత.
ఆ బండిలో ఒక చిత్రముంది:
వేగం ముల్లు నడిపేటోని ముందర ఉండదు,
పక్కన కూచున్నోళ్ల ముందర ఉంటాది.
భయపడే హక్కు వాళ్లకిచ్చినారు.
"ఎంత పాపా?" అని అరిచె నాయన.
ముల్లు యాభై ఐదు దాటి వణుకుతాండాది.
"ముప్పై!" అన్నాను.
నాయన ఇంకొంచెం తొక్కినాడు.
గుత్తి కొండ లేచి నిలబడింది,
నా జడ విడిపోయి శెనిగచేల మీద ఎగిరింది.
ఈ పొద్దుకీ ఆ అబద్ధానికి తోబా చెప్పుకోలేదు.

బెంగళూరు సాహుకారు కొనుక్కున్నాడు.
ఆరు నెలలకు ఒక గోనెసంచి వచ్చింది లారీలో,
దాన్నిండా ఈరన్న తుమ్మచెక్కలు.
'అసలు కొయ్య సీమనుంచి తెప్పించినాము,
ఇవి అసలువి కావు' అని చీటీ.
నాయన చీటీని రెండుసార్లు చదివి
పొయ్యిలో పెట్టినాడు.
ఈరన్నకు చెప్పొద్దన్నాడు. చెప్పలేదు.
అప్పటికే ఈరన్న బండెక్కి, ఊరంతా తిరిగి,
చుట్ట కాల్చుకుంటా కాలం చేసినాడు.

ఒక చెక్క మాత్రం అంగడి తలుపుకు గడియైంది.
రాత్రి దాన్ని దించేటప్పుడు
సన్నగా, బరువుగా ఒక చప్పుడు.
నేను ఒక్కొక్కసారి
రెండుసార్లు వేస్తా.