రెండు నోళ్ళది

సబ్ సెంటర్లో ఉండేది ఒకే ప్లగ్గు బోర్డు.
రెండు కన్నాల్లో ఒకటి టీకాల ఫ్రిజ్జుది,
దాని వైరు జోలికి ఎవరూ పోకూడదని
ఎర్ర సిరాతో నేనే రాసి అంటించినాను.
రెండోదాంట్లో నా పాత చార్జరు,
ఇటికరాయంత లావు,
తన బరువుకు తానే తలకాయ వేలాడేసి
ఘడియకొకసారి ఊడొచ్చేది.
పాత టీకా కార్డు మడిచి ఆసరా పెట్టేదాన్ని.

గవర్నమెంటు ట్యాబు, నా సెల్లు, బీపీ మిషను,
మూడింటికీ ఆకలే.
పదకొండుకల్లా ట్యాబు ఎర్రబడితే
గర్భిణుల లెక్క సగంలో నిలబడిపోయి
పైనుంచి ఫోను:
"ఏమ్మా చంద్రకళా, నిద్రపోతుండావా?"

జీతం పడిన శనివారం
చిత్తూరు బజారు వీధిలో దస్తగిరి అంగడి.
గాజుబల్ల మీద వరసగా పరిచినాడు.
నూటయాభైది అప్పడమంత తేలిక,
కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పు.
"పెట్టు, చూద్దాం" అన్నాను.
అయిదు నిమిషాలాగి
బిడ్డకు జ్వరం చూసినట్టు
చేతి మండ ఆనించి, చటుక్కున లాక్కున్నాను.
"దీనికి నూటరెండు ఉండాది దస్తగిరీ, పడుకోబెట్టు."
నవ్వి, లోపలి డబ్బా తీసినాడు.

నిమ్మకాయంత. కాళ్ళు మడుచుకుంటుంది.
నోళ్ళు రెండు.
మందుసీసా మీద తేదీ చదివే అలవాటు నాది,
చీమ తలకాయలంత అక్షరాలు వదల్లేదు:
ఒంటిగా అయితే నలభై అయిదు వాట్లు,
రెండోది పక్కన కూర్చుంటే
దీనికి ఇరవై అయిదు, దానికి ఇరవై.
"తగ్గిపోతుంది కదప్పా?"
"కవలపిల్లల తల్లిని ఎప్పుడూ చూళ్ళేదా మేడం?"
పాపం, తెలీక అన్నాడు. నాకే కవలలు.
పద్దెనిమిది వందలు.
వైరు వేరే అంట, దానికి మళ్ళా మూడొందలు!

ఇప్పుడు ఐరాల పక్క ఏ ఇంటి గడప ఎక్కినా
"అక్కా, రవ్వంత కరెంటు" అంటాను.
బరువు తూచి, కింది రెప్ప లాగి చూసి,
మాత్రలు లెక్కబెట్టి ఇచ్చేలోపల
ట్యాబు సగం కడుపు నింపుకుంటుంది.
మునెమ్మవ్వ మాత్రం నమ్మలేదు.
"ఇంత బుడ్డదానికి ఏం సత్తువుంటాదే?"
నిరుడు కిలోముప్పావుతో పుట్టిన ఆమె మనవరాలు
ఆ మాటకు తలెత్తి చూసి
చాప పీచు పీకే పనిలో మళ్ళా పడింది.

తేలిక కదా, నిన్న అక్కడే మరిచిపోయినాను.
సగం దారిలో బస్సు దిగి వెనక్కి వస్తే
గోడకు అట్లే ఉండాది.
ఒక నోట్లో కోడలి సెల్లు,
ఇంకోదాంట్లో ఎవరిదో టార్చిలైటు.
పీకబోయి,
ఎందుకో చేతి మండ ఆనించినాను.
గోరువెచ్చన.

తరువాతి బస్సు ఆరున్నరకి.
మునెమ్మవ్వ టీకి నీళ్ళు పెడతా ఉండాది.