జాడ

బైరాగిపట్టెడలో మూడో అంతస్తు గది.
కిందినుంచి పూరీల నూనె వాసన.
తెల్లబోర్డు మీద ఎర్ర పెన్నుతో దినకర్ రాశాడు:
అడుగుదాం.

పిల్లలకి పాఠాలు, మొత్తం ఇరవై నాలుగు,
ఒక్కోటి ఏడు నిమిషాలు.
మా తాత నాడు ఎండలు లేవా, అని ఒకటోది.
కొలిచిందెవరు, ఎక్కడ నిలబడి కొలిచారు, రెండోది.
భయం అమ్ముకునేవాళ్ళ లెక్కలు, మూడు.
నాకు పాఠానికి పన్నెండు వందలు.
ఫిజిక్సు చెప్పి చెప్పి గొంతు అరిగినవాణ్ణి,
ప్రశ్నంటే ఇప్పటికీ ఇష్టం.
ఒప్పుకున్నాను.

రెండో పాఠానికి ఆధారం కావాలి.
దామలచెరువులో చెంగల్రాయులని ఒకాయన ఉండాడు,
ముప్పై ఒక్కేళ్ళు వానమాపకం చూసినాడు, పొమ్మన్నారు.
పాకాల మీదుగా బస్సు.
మండీల ముందు తోతాపురి రాసులు.
ధర పలికేవాడు రాలేదు,
ట్రాక్టర్ల కింది నీడలో మనుషులు పడుకున్నారు.

రిజిస్టర్లు మంచం కింద, బియ్యం బస్తా పక్కన.
మధ్యమధ్య ఎండిన వేపాకు.
తిరగేశాను, దొంగని పట్టుకోబోయేవాడిలా.
దొరికింది.
ఎనభై ఏడు, జూన్:
"మాపకం ఆఫీసు గోడ పక్కకి మార్చడమైనది.
పడమటి గాలివానకి గోడ అడ్డం."
ఇంకోచోట:
"పన్నెండు దినాలు జ్వరం. మునెమ్మ చూసి రాసింది."

గబగబా ఫొటోలు తీస్తుంటే ఆయన నవ్వినాడు.
"నా తప్పులు నేనే రాసి పెట్టినా గదబ్బా.
నువ్వేందో తవ్వి తీసినట్టు చేస్తాండావే."
మజ్జిగ తెచ్చిన మునెమ్మ
"జ్వరం పదకొండు దినాలే" అనేసి లోపలికి పోయింది.

అంచుల్లో పెన్సిలు రాతలు.
మామిడి పూత ఏ రోజు కనబడింది,
రేయి దుప్పటి ఒకటా రెండా,
బోరులో తడి ఎన్ని అడుగులకి తగిలింది:
నూట ఎనభై, మూడు వందల పది, ఏడు వందలు,
ఆ తర్వాతి ఏడు ఉత్త గీత.

"ఇదంతా భూమి వేడెక్కడం వల్లేనంటారా?"
నా పాఠం గొంతుతోనే అడిగాను.

"అంతా దానివల్లేనని నేనేడ రాసినా?
బోర్లు తోడేసింది మనమే.
పూత చెడింది, మందుల పాపమూ ఉండాది.
ఏది ఎంతో నా ఒక్క పుస్తకం చెప్పలేదు.
నా మాదిరి వేలమంది రాసింది
కలిపి చూసేవాళ్ళు వేరే ఉండారు.
రేయి చలి తగ్గిందని మాత్రం
నా దుప్పటికి ఎరుకే."

చుట్ట వెతుక్కున్నాడు, దొరకలేదు.

"నాకూ అనుమానమే నాయినా,
ముప్పై ఒక్కేళ్ళ అనుమానం.
అందుకే పొద్దున ఎనిమిదిన్నరకంతా
రోజూ పోయి చూసినా.
నీ అనుమానం ఒక్క పొద్దన్నా లేచిందా?"

తిరుగు బస్సులో దినకర్ ఫోను.
"దొరికిందా?"
"దొరికింది. గోడ."
"అదిరింది. దాంతోనే మొదలుపెడదాం."
దుప్పటి సంగతి చెప్పబోయాను, సిగ్నల్ పోయింది.
పోయిందనే అందరికీ చెబుతున్నాను.
నేనే కట్ చేసి ఉండొచ్చు.

గోడ నిజం. గోడ ఒక్కటే చూపిస్తే అబద్ధం.
పన్నెండు వందలకి ఏడు నిమిషాల్లో
ఈ రెండు వాక్యాలూ పట్టవు.

మర్నాడు మిద్దెమీద, ఎవరూ చూడకుండా,
మెడ కోసిన సీసా ఒకటి ఇటుకల మధ్య నిలబెట్టాను,
స్కేలు ముక్క దారంతో కట్టి,
ఏ గోడకీ దగ్గర కాకుండా.
పెళ్ళాం చూడనే చూసింది.
"ఏం చేస్తాండావు?" అంది.
"అడుగుతున్నా" అన్నాను.
"ఎవర్ని?" అంది.

రెండో రాత్రి శేషాచలం మీద మబ్బు
వచ్చినట్టే వచ్చి కొండ వెనక్కి జారింది.
పొద్దున ఎనిమిదిన్నర.
సీసా అడుగున తడి, మొదటి గీత దాకా లేదు.
కొలవడానికి చాలదు.
లేదనడానికి నోరు రాదు.
ఇట్లాంటి రోజుకి ఆయన రాసే మాటొకటుంది,
రిజిస్టర్ల నిండా ఉంది.
పాఠాలకని కొన్న కొత్త నోటుబుక్కులో
మొదటి పేజీలో, తేదీ పక్కన రాసుకున్నాను:
జాడ.