నైట్ హాల్ట్

పలాస డిపో గేటు. మూడో రోజు.
టెంటుగుడ్డకి చిరుగు, మైకు అద్దెది.
"జీతం వస్తోంది కదమ్మా, ఇంకేటి?"
కొత్త మేనేజరు అడిగేడు.

కండక్టరు గేదెల జోగులమ్మ
సంచిలోంచి ఎస్సార్ కాయితం తీసింది.

"ఆఖరి ట్రిప్పు, ఏడు టిక్కెట్లు.
నష్టమని ఎర్రసిరాతో గీసీసినారు.
మూడోది, రక్తం కడిగించుకొచ్చిన కన్నయ్య.
నాలుగోది నర్సింగు సదివే గుంట.
ఆరోది ఖాళీ రొయ్యల బుట్ట,
దాని ఎనకాల ఓ ముసల్ది.
మిగతావోళ్ళ పేర్లు తెల్దు,
దిగే చోట్లు తెలుసు.

రేతిరి ఆ ఊర్లోనే, బస్సులోనే తొంగుంటాను బాబూ.
మరుగుదొడ్డి లేదు.
సాయంత్రం అయిదు దాటితే నీళ్ళు ముట్టను.
దొడ్డి కట్టమని అడిగేం,
మీరు బస్సే తీసీసినారు."

ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చీకటిపడ్డాక టెంటులోకి
ఆరు మైళ్ళు నడిచొచ్చింది
రొయ్యల బుట్ట.
ఖాళీది కాదు.