ఫిబ్రవరి లెక్క

పత్తి మార్కెట్ చీటీ వెనకాల రాసుకున్నా:
చదివినవి మూడున్నర.
ఆ అర, ఆదోని లైబ్రరీది.
నూట పన్నెండో పేజీ నుంచి ఎవరో చించుకపోయినారు.
హంతకుడెవరో నాకింకా తెలీదు.

రాసింది పదకొండు పేజీలు.
కొట్టేసింది తొమ్మిది.
మిగిలిన రెండూ నాకే అర్థం కాలే,
అందుకే ఉంచినా.

అందరూ మెచ్చిన ఆ కరువు నవల
నాకు నచ్చలేదన్నా.
లైబ్రరీ నరసోజీ సారు
కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"నీ వయసెంత మే?"

సార్, నాలుగొందల పేజీల్లో
ఒక్కరూ నవ్వరు.
మా జేజి గంజి వరసలో నిలబడి
ముందామె కొప్పులో
యాపపుల్ల గుచ్చి
పడీపడీ నవ్విందంట.
ఆ నవ్వు యాడుందో చూపించండి.

సారు ఏమీ అనలే.
గడువు తేదీ మాత్రం
ఇంకో పదైదు దినాలు
ముందుకు జరిపినాడు.