ఎడమ పేజీ, కుడి పేజీ

రొయ్యల చెరువుల ఫ్యాన్లు బాగుచేసిన లెక్కలు రాసే
బారు పుస్తకంలోనే, వెనకవైపు నుంచి,
విమానం లెక్క మొదలుపెట్టించాడు కాలేషా నా చేత.
ఎడమ పేజీ, కడితే.
కుడి పేజీ, కొంటే.

కుడి పేజీ నాలుగు వరుసల్లో అయిపోయింది.
హోసూరులో ఎవరో రిటైరైనాయన అమ్ముతున్నాడంట,
ఇంజను రెండొందల గంటలే తిరిగిందంట,
ఇరవై రెండు లక్షలు, లారీ బాడుగ వేరే.
"రెక్కలు ఊడదీసి తెచ్చుకోవచ్చు మే" అన్నాడు
మంచం కోళ్ల సంగతి చెప్పినట్టు.

ఎడమ పేజీ ఎంతకీ తెగదు.
ప్లాను కాగితాలు నలభై వేలు.
తేలిక చెక్క మన అడితీలో లేదు,
సరుగుడు చూపిస్తే నవ్వాడు.
బంక రెండు డబ్బాలు. సింగరాయకొండ ఉప్పుగాలికి
ఒకటి ఆరనే లేదు, అదీ రాశా.
రెక్కకు గుడ్డ, గుడ్డకు రంగు, రంగుకు మళ్లీ బరువు.
బరువు తగ్గించుకోడానికి కూడా డబ్బు పొయ్యాలని
ఆ రోజే తెలిసింది నాకు.
ఇంజను దగ్గర పెన్ను ఆగింది.
"ఖాళీ వదులు, తర్వాత చూద్దాం."
తెల్లమచ్చ వచ్చి చెరువులు ఎండబెట్టిన ఏడు
మా బాకీల ఎదురుగా కూడా
అట్లానే వదిలా.

పర్మిషన్లకు తిరిగే రైలు చార్జీలు రెండు పేజీల్లోనూ వేశా.
మరి దింపేదెక్కడ?
యుద్ధవిమానాల కోసమని హైవే మీద పోసిన సిమెంటు
మన కొట్లోంచి కనపడతా ఉంటుంది, మనకిస్తారా?
మా తమ్ముడి మినప చేను అడిగితే
ముందు కౌలు సంగతి చెప్పమన్నాడు.

కూడితే కొనడమే చవక.
చెప్పా. తల ఊపాడు.
రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు.

మూడో రాత్రి ఒంటిగంటకు కొట్లో లైటు.
రెక్క లోపలి చెక్క, పక్కటెముక అంటాడు దాన్ని,
ఒళ్లో పెట్టుకుని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు.
ఊదుతాడు, చెంపకానించి చూస్తాడు, మళ్లీ రుద్దుతాడు.
పద్దెనిమిదేళ్లుగా ఎన్ని వందల ఫ్యాన్లు విప్పాడో,
ఆ మొహం నేనెప్పుడూ చూళ్లేదు.

"ఇట్టాంటివి ఎన్ని కావాల?"
"ఇరవై ఎనిమిది."
"ఎన్నయినయి?"
చెక్క మీంచి కళ్లెత్తకుండానే, "ఒకటిన్నర."

పొద్దున ఎడమ పేజీలో ఇంకో వరుస వేశా:
రాత్రిళ్లు.
దాని ఎదురుగా అంకె వెయ్యడానికి చెయ్యి రాలేదు.
కింద వరుసలో
ఉప్పుకాగితం, నాలుగు షీట్లు, అరవై రూపాయలు
అని రాసి
పుస్తకం మూశా.