కార్పెట్ మీద నాలుగు గుంటలు

హడర్స్‌ఫీల్డ్‌లో మా ఇంటి మేడమీది వెనకగది
పొడవు పన్నెండడుగులు, వెడల్పు తొమ్మిది.
ఇల్లు చూపించిన ఏజెంటు దాన్ని డబుల్ రూమ్ అన్నాడు.
సలోమి టేపు వేసి చూసి
"ఒకటిన్నర" అంది.

కెజియా పుట్టడానికి పదకొండు రోజుల ముందు
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగొచ్చి
బట్టలైనా మార్చకుండా గోడలకి రంగేశాను.
డబ్బా మీద ఏదో దొరసాని పేరుంది,
మాకు మాత్రం అది నానబెట్టిన పెసరపప్పు.
కటకటాల మంచం బిగించడానికి నాలుగు గంటలు పట్టింది.
ఆఖర్న ఒక స్క్రూ మిగిలింది.
కాగితం తిరగేసి మరగేసి చూశాం,
ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు.
మంచం ఊడలేదు, పిల్లా పడలేదు,
ఆ మూడేళ్ళూ నేనే
ఒక చెవి మేలుకునే నిద్రపోయాను.

నాలుగో ఏట ఏనుగుల కాగితం అడిగింది.
అతుకు దగ్గర నా చెయ్యి వణికి
ఒక ఏనుగుకి తొండం పోయింది
పక్కదానికి రెండొచ్చాయి.
రోజూ పడుకోబోయే ముందు
ఆ తొండం లేనిదానికే ముద్దు.

ఆరో ఏట గులాబీ.
పరదా, దిండు, దీపం, చెత్తబుట్టతో సహా.
తొమ్మిదో పుట్టినరోజు కేకు కోస్తూ
గులాబీ చూస్తే వాంతొస్తోందని ప్రకటించింది.
మెట్లకింద డబ్బాలో
సగం రంగు ఇంకా గడ్డైనా కట్టలేదు.

ఈలోగా ఆసాపు, మా నాన్న పేరే,
మా గదిలోంచి అక్క గదికి బదిలీ అయ్యాడు.
ఛారిటీ షాపులో ముప్పై పౌన్ల బీరువా కొని
గది నడుమ నిలబెట్టాం.
తలుపుల వైపు అక్కది, ప్లైవుడ్ వీపు తమ్ముడిది.
కిటికీ అటు పడింది, రేడియేటర్ ఇటు పడింది.
ఆ చలికాలమంతా బీరువా మీంచి బేరాలు:
గంటసేపు వెచ్చదనానికి
అరగంట ఆకాశం.
వాడు ఆ ప్లైవుడ్ నిండా రైలు పట్టాలు గీశాడు.
ఒక్క స్టేషనూ లేదు.
ఎక్కడ దిగాలిరా అంటే
"దిగడం దేనికి?" అన్నాడు.

కార్పెట్ మాత్రం ఎప్పుడూ మార్చలేకపోయాం.
డబ్బు ప్రతిసారీ గోడల దగ్గరే అయిపోయేది.

పోయిన శనివారం
పధ్నాలుగేళ్ళ కెజియా అటక మీదికి మారింది.
ఏడాదిపాటు నేను చేసిన అదనపు షిఫ్టులు
అక్కడ చెక్కలై, కిటికీ అద్దమై, మెట్లై ఉన్నాయి.
గోడలకి అర్ధరాత్రి నీలం, తనే వేసుకుంది.
పైకి రావాలంటే మాత్రం
మెట్టు మీద రెండుసార్లు తట్టాలిట.

కింద ఆమె పాత మంచం జరిపితే
కార్పెట్ మీద నాలుగు గుంటలు,
కటకటాల మంచం కాళ్ళవి.
పదకొండేళ్ళుగా ఏ మంచం వచ్చినా
వాటిమీద కాలు మోపలేదు కాబోలు.
పక్కింటి డొరీన్ చెప్పింది,
"గుంటకో ఐసుముక్క పెట్టు, తెల్లారేసరికి ఊలు లేచి నిలబడుతుంది."
వాపు తగ్గాలంటే ఐసు పెడతారని
ఇరవయ్యేళ్ళ నర్సుని, నాకు తెలుసు.
గుంట పూడాలన్నా పెడతారని తెలీదు.

గిన్నెలో ముక్కలు తెచ్చి మోకాళ్ళమీద కూర్చున్నాను.
ఒకటి. రెండు. మూడు.
ఆసాపు తన కొత్త టేబుల్ ఎక్కడ పెట్టాలో
గాలిలో చేతులతో గీస్తూ తిరుగుతున్నాడు.
నాలుగోది వేళ్ళమధ్యే ఉండిపోయింది.
మణికట్టు మీంచి చొక్కా చేతిలోకి కారుతోంది,
చల్లగా, ఏ తొందరా లేకుండా.

అప్పుడు అటక మీంచి కేక:
"నాన్నా! మంచం బిగించేశాను.
ఒక స్క్రూ మిగిలింది. ఏం కాదు కదా?"

తడిచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని లేచాను.
మెట్టు మీద రెండుసార్లు తట్టాను.
"మిగుల్తుంది," అన్నాను.
"పారెయ్యకు. దాచిపెట్టు."